సాక్చికి పేరు మార్చిన యుద్ధం

ఈ వారం లేఖకు విషయం ఢిల్లీలో దొరకలేదు. పార్లమెంటు సమావేశాలు లేని రోజులు కావడంతో పురుషోత్తం ఎక్స్‌ప్రెస్ ఎక్కి జంషెడ్‌పూర్ వెళ్ళి వచ్చాను. రాజధానిలో కూర్చున్నవాడికి ఉక్కు అంటే టన్నుల లెక్క, దిగుమతి సుంకం, వాటాల ధర. ఉక్కు పుట్టిన ఊళ్ళో నాలుగు రోజులు తిరిగితే అది మరొక విధంగా కనిపిస్తుంది.

రైలు దిగే స్టేషను పేరు టాటానగర్. దాని పూర్వనామం కాలీమాటి, అనగా నల్లమట్టి. ఊరి పూర్వనామం సాక్చి. ఆ పేరు ఇప్పుడు ఊళ్ళో ఒక పేటకు, బజారుకు మాత్రమే మిగిలింది. 1919 జనవరి 2న వైస్రాయి ఛెమ్స్‌ఫర్డ్ ప్రభువు స్వయంగా విచ్చేసి, జంషెడ్జీ టాటా పేరు మీద ఊరికి నామకరణం చేశాడు. జంషెడ్జీ 1904లోనే కీర్తిశేషుడైనాడు. ఆయన మీద గౌరవం ఒక్కటే కారణమైతే 15 సంవత్సరాలు ఆగవలసిన పని లేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియా, పాలస్తీనా, తూర్పు ఆఫ్రికా రంగాలలో సామ్రాజ్యం వేసుకున్న రైలుమార్గాలకు పట్టాలు ఇక్కడి నుంచి వెళ్ళాయి. ఆ ఋణం తీర్చుకోవడానికి వైస్రాయి ఈ ఊరికి ఒక పేరు ఇచ్చి వెళ్ళాడు.

అదే మెసపొటేమియాలో, బాస్రా దగ్గర, సమాధి సైతం దక్కని 40,000 మందికి పైగా సైనికుల స్మారకం ఒకటి ఉన్నది. బ్రిటిష్ సైనికుల పేర్లు వరుసగా చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు చెక్కి, సామాన్య సిపాయిలను దళానికి ఇంతమంది అని అంకెలతో సరిపెట్టారు. యుద్ధ సమాధుల కమిషన్ ఈ వివక్షను బాహాటంగా ఒప్పుకొని క్షమాపణ చెప్పడానికి 2021 రావలసి వచ్చింది. పట్టాలు పంపిన ఊరికి పేరు దక్కింది. ఆ పట్టాల మీద ప్రయాణించిన సిపాయికి దక్కలేదు.

ఊళ్ళో ఉన్న కూలివాని సంగతి ఏమిటి? యుద్ధం బియ్యం ధరను, బట్ట ధరను ఆకాశానికి ఎత్తింది. కూలి మాత్రం నేల మీదే ఉన్నది. నామకరణ మహోత్సవం జరిగి పధ్నాలుగు నెలలు కాకుండానే, 1920లో, కర్మాగారంలో మొదటి పెద్ద సమ్మె వచ్చింది. కాల్పులు జరిగాయి, కార్మికులు మరణించారు. జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ ఆ సమ్మెలోనే పుట్టింది. యుద్ధం ముగిసిన తరువాత యూరపు నుంచి చవక ఉక్కు వచ్చి పడితే కంపెనీ కుప్పకూలే దశకు వచ్చింది. 1924లో రక్షణ సుంకాల చట్టం దానిని నిలబెట్టింది. ఆ రక్షణలో సైతం 1927 నాటికి సామ్రాజ్యం తన వాటా తీసుకున్నది. బ్రిటన్ ఉక్కుకు తక్కువ సుంకం, ఇతర దేశాల ఉక్కుకు ఎక్కువ సుంకం. మరుసటి ఏడు కార్మికుల తగ్గింపు, దాని వెంట సమ్మె, లాకౌటు. సుభాష్ చంద్ర బోస్ ఈ ఊరి కార్మిక సంఘానికి అధ్యక్షుడైనది అప్పుడే.

ఇదంతా గ్రంథాలలో ఉన్నదే. గ్రంథాలలో లేనిది ఒక బస్తీలో విన్నాను.

ఉత్తరాంధ్ర నుంచి బతుకుదెరువుకు ఆనాడు రెండు దారులు. ఒకటి సముద్రం మీదుగా రంగూను. రెండవది బెంగాల్ నాగ్‌పూర్ రైలు మీద ఖరగ్‌పూర్, కాలీమాటి. ఎనభై దాటిన ఒక శ్రీకాకుళం పెద్దాయన నన్ను నులకమంచం మీద కూర్చోబెట్టి చెప్పాడు: “మా పెదనాన్న రంగం ఎల్లాడు, మా నాన్న కాలీమాటి వచ్చాడు బాబూ. ఉన్న అరెకరం అమ్మి ఇద్దరికీ దారిఖర్చులు పెట్టార్ట.” 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు పెదనాన్న లక్షలాది జనంతోపాటు అడవుల వెంట నడిచి అస్సాం చేరాడు. అక్కడి నుంచి ఇక్కడికే, తమ్ముడి పంచకే వచ్చాడు. ఒక యుద్ధం రంగూనులో బతుకు తీసివేసింది. అదే యుద్ధం కోసం ఇక్కడి కొలిమి రాత్రింబవళ్ళు మండుతున్నది కనుక కూలి దొరికింది. ఆ ఆగస్టులోనే ఇక్కడి కార్మికులు జాతీయ ప్రభుత్వం కోరుతూ రెండు వారాలపాటు పని మానివేశారు. “మా నాన్న కూడా కూకున్నాడు. పెదనాన్న మాత్రం, ఇప్పుడే దొరికిన కూడు పోగొట్టుకుంటావా అని తిట్టేవోడట,” అని నవ్వాడు.

కంపెనీని ఆయన ఒక్క మాట అనలేదు. పింఛను, ఆసుపత్రి, నీళ్ళు గురించి మంచే చెప్పాడు. ఆయన బాధ నేల గురించి.

ఈ నేల చరిత్రే వేరు. ఆదివాసీ భూమి పరుల పాలు కాకుండా ఛోటా నాగ్‌పూర్ కౌలు చట్టం 1908లో వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో, 1894 నాటి భూసేకరణ చట్టం క్రింద, కర్మాగారానికీ ఊరికీ సంతాల్, హో, భూమిజ్ గ్రామాల మధ్య మూడున్నర వేల ఎకరాలు సేకరించారు. సర్కారు ఒక చేత్తో కంచె వేస్తూ రెండవ చేత్తో గేటు తీసింది. స్వాతంత్ర్యం తరువాత భూమి ప్రభుత్వానిదై, కంపెనీ లీజుదారు అయినది. పనికోసం వచ్చినవారు పని దగ్గరే గుడిసె వేసుకున్నారు; అవే నేటి 86 బస్తీలు. 1996 నుంచి 30 ఏళ్ళకు లెక్కగట్టి 2005లో లీజు పొడిగించినప్పుడు వాటి నేలను లీజు నుంచి తప్పించారు. తప్పించి ఎవరికి ఇచ్చారు? ఎవరికీ ఇవ్వలేదు. రఘువర్ దాస్ ప్రభుత్వం లీజు ఇస్తామన్నది. బస్తీవారు అడిగినది యాజమాన్య హక్కు. ఈ వివాదం నీడలోనే 2019లో ముఖ్యమంత్రి హోదాలో ఉన్న దాస్ గారు తన సొంత జంషెడ్‌పూర్ తూర్పు స్థానంలో ఓడిపోయారు. లక్షలాది జనాభా గల ఈ నగరానికి ఎన్నికైన పురపాలక సంఘం లేదు. రాజ్యాంగం 74వ సవరణలోని పారిశ్రామిక పట్టణం అనే మినహాయింపును వాడుకొని 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఆ లోటును చట్టబద్ధం చేసింది. మేయరు లేనిచోట బస్తీ మనిషి ఎవరి గడప తొక్కాలి?

మనకు ఈ కథ కొత్తది కాదు. విశాఖ ఉక్కుకు 1966లో 32 మంది ప్రాణాలు ఇచ్చారు. భూములిచ్చిన గ్రామాల ప్రజలు నేటికీ అర్జీలు పట్టుకొని తిరుగుతున్నారు.

కాలం తిరగబడిందని కొందరు సంబరపడతారు. 2007లో ఈ ఊరి కంపెనీయే బ్రిటన్ ఉక్కు సంస్థ కోరస్‌ను కొన్నది. 2024లో వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్ బ్లాస్టు ఫర్నేసులను మూసివేసింది కూడా ఆ కంపెనీయే. సామ్రాజ్యానికి తగిన శాస్తి అని సంబరపడడానికి నాకు మనసొప్పలేదు. అక్కడ ఉద్యోగం పోయినవాడు ఛెమ్స్‌ఫర్డ్ మనవడు కాడు. ఇక్కడ మాత్రం 1990ల ఆరంభంలో 78,000 దాకా ఉన్న ఉద్యోగులు తరువాతి పుష్కరకాలంలో ఇంచుమించు సగమైనారు. సమ్మె లేకుండా, ముందస్తు విరమణ పథకంతో, నెలనెలా సొమ్ము ఇచ్చి పంపినందువల్ల ఆ తగ్గుదల పత్రికలకు పెద్దగా వార్త కాలేదు.

వచ్చేముందు పెద్దాయన ఒక సంచీ తెచ్చి విప్పాడు. ఓటరు కార్డు, ఆధార్, నలభై ఏళ్ళ కరెంటు బిల్లులు. అన్నిటి మీదా అదే చిరునామా. “మనవరాలి సంబంధానికి వచ్చినోళ్ళు ఇంటి కాయితం సూపించమన్నారు బాబూ. ఇయ్యన్నీ సూపించాను. ఇంటి కాయితం ఏదన్నారు,” అన్నాడు. తరువాత బిల్లులను తేదీల వరుసలో సర్ది, మళ్ళీ సంచీలో పెట్టుకున్నాడు.