అర్రే! ఇదేం ఔట్‌పుట్?

జావా ల్యాబ్‌లో అర్రే ప్రోగ్రామ్ అనగానే అందరి చేతులూ ఒకేలా కదుల్తాయి. ఫర్ లూప్, లోపల ప్రింట్, పక్కన ఒక స్పేస్. ప్రింట్‌ఎల్ఎన్ పెడితే ఒక్కో విలువా ఒక్కో లైన్‌లోకి దిగిపోతుంది కాబట్టి ఆ 'ఎల్ఎన్' తీసేస్తాం. అన్నీ ఒకే లైన్‌లో వచ్చాయి, రికార్డులో రాశాం, సంతకం పడింది. అయిపోయింది.

నా పేచీ ఈ 'అయిపోయింది'తోనే.

10, 20, 30 ఉన్న ఇంట్ అర్రేని లూప్ లేకుండా నేరుగా ప్రింట్ చేసి చూడండి. ఒక స్క్వేర్ బ్రాకెట్, క్యాపిటల్ ఐ, ఎట్ గుర్తు, దాని వెనక ఏవో అంకెలూ అక్షరాలూ వస్తాయి. "అది మెమరీ అడ్రస్‌రా, వదిలేయ్" అంటారు సీనియర్లు. వైవాలోనూ అదే జవాబు నడిచిపోతుంది. కానీ అది అడ్రస్ అని జావా ఎక్కడా హామీ ఇవ్వదు. బ్రాకెట్ అంటే అర్రే, ఐ అంటే ఇంట్, ఎట్ తర్వాత ఉన్నది హెక్సాడెసిమల్‌లో హ్యాష్ కోడ్. అర్రే కూడా ఒక ఆబ్జెక్టే. దానికి సొంత టూస్ట్రింగ్ లేదు, అందుకే ఆబ్జెక్ట్ క్లాసు నుంచి వచ్చినదాన్ని వాడుకుంటుంది. ఇన్హెరిటెన్స్ అంటే ఇదే కదా! అదే క్యారెక్టర్ల అర్రే ఇవ్వండి, అక్షరాలు చక్కగా వస్తాయి. ఎందుకంటే దానికోసం ప్రింట్‌ఎల్ఎన్‌కి విడిగా ఒక ఓవర్‌లోడ్ ఉంది. రెండు యూనిట్ల పాఠం రెండు లైన్లలో దొరికింది.

ఇక 2004లో వచ్చిన జావా 5 నుంచీ అర్రేస్.టూస్ట్రింగ్ ఉంది. బ్రాకెట్ల మధ్య, కామాలతో, ఒకే లైన్‌లో ఇస్తుంది. టూడీ అర్రే అయితే డీప్‌టూస్ట్రింగ్ వాడాలి. "లూప్ రాస్తేనే లాజిక్ వస్తుంది" అంటారు కొందరు. నిజమే. చివరి విలువ తర్వాత కామా పడకుండా ఎలా ఆపాలో లూప్ రాసినవాడికే తెలుస్తుంది. అందుకే మొదట లూపే రాద్దాం. కానీ సెమిస్టర్ చివర్లో కూడా లైబ్రరీ మెథడ్ వాడితే మార్కులు కోస్తే ఎలా?

నేను అడిగేది చిన్నదే. రికార్డులో ఇంకో ప్రశ్న పెట్టండి: "నేరుగా ప్రింట్ చేస్తే ఏమొచ్చింది, ఎందుకొచ్చింది?" జవాబు తెలుగులో రాసినా ఒప్పుకోండి. నాది చిన్నప్పట్నుంచీ ఇంగ్లీషు మీడియమే, డెఫినిషన్లు గడగడా అప్పజెప్తాను. అయినా ఆ బ్రాకెట్ సంగతి పక్క బెంచీ ఫ్రెండ్‌కి తెలుగులో చెప్పాకే, నాకు నిజంగా అర్థమైందని నమ్మకం కుదిరింది.