ధర పడదు.. టవర్ లేవదు! మన దగ్గర ఇళ్ల బుడగ పగిలే తీరే వేరు

ఇళ్ల ధరల బుడగ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 2008 నాటి అమెరికా. తిరిగి కట్టే స్తోమత ఉందో లేదో చూడకుండా అక్కడ అప్పులిచ్చారు. ఆ అప్పులను మూటలు కట్టి ప్రపంచమంతా అమ్మారు. వాయిదాలు ఆగాక ఇళ్ల ధరలు 2006 నాటి గరిష్ఠ స్థాయి నుంచి పావు వంతుకు పైగా పడిపోయాయి. 2008 సెప్టెంబరు 15న లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. అందుకే హైదరాబాద్‌లో ఇల్లు కొనాలనుకునేవాళ్లు కూడా 'రేట్లు పడతాయా? ఇంకో ఏడాది ఆగితే తక్కువకు వస్తుందా?' అనే అడుగుతుంటారు.

అడగాల్సిన ప్రశ్న అది కాదేమో. మన దగ్గర బుడగ పగిలినా బ్రోచర్‌ మీద రేటు అంత తేలిగ్గా తగ్గదు. తగ్గిస్తే ముందు కొన్నవాళ్లు గొడవకు వస్తారు, తాకట్టులో ఉన్న భూమి విలువ కూడా పడిపోతుంది. కాబట్టి బిల్డర్ 'కార్ పార్కింగ్ ఉచితం, జీఎస్టీ మేమే కడతాం' అంటాడు తప్ప చదరపు అడుగు రేటు ముట్టుకోడు. బ్యాంకులకు కూడా కొంత రక్షణ ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం గృహరుణం 75 లక్షలు దాటితే ఇంటి విలువలో 75 శాతానికి మించి ఇవ్వకూడదు. మిగతాది కొనేవాళ్లు సొంతంగా పెట్టుకోవాల్సిందే. ఇక నష్టం ఎవరి మీద పడుతుంది? ఇల్లు లేవకముందే డబ్బు కట్టినవాళ్ల మీద.

ఎకరం వంద కోట్లు పలికితే

2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో హెచ్‌ఎండీఏ వేలం వేసిన భూముల్లో ఒక ప్లాట్ ఎకరం 100.75 కోట్లు పలికింది. అంటే గజం 2 లక్షల 8 వేలు. ఎకరానికి 4 లక్షల చదరపు అడుగులు కడతారనుకుంటే, భూమి ఖరీదే అడుగుకు 2,500 రూపాయలు దాటుతుంది. సిమెంటు, స్టీలు, కూలి, వడ్డీ, లాభం దాని పైన. అంత ఖరీదు రాబట్టాలంటే ఎత్తుగా కట్టాలి. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి ఎత్తేశారు కాబట్టి రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు ఉంటే 40, 50 అంతస్తులు వేయడానికి ఇక్కడ వీలుంది.

అసలు చిక్కు వేలం తర్వాత మొదలవుతుంది. చుట్టుపక్కల పది, ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉన్న భూయజమాని కూడా ఆ అంకెనే పట్టుకుని కూర్చుంటాడు. వేలం డబ్బు, రిజిస్ట్రేషన్ల రాబడి ఖజానాకే వస్తాయి కాబట్టి ధరల పరుగుకు కళ్లెం వేయాలనే తొందర ఏ ప్రభుత్వానికీ ఉండదు. పార్టీలు మారినా ఈ లెక్క మారలేదు.

ధర బుడగా, కాదా అని తేల్చుకోవడానికి ఒక మోటు లెక్క ఉంది. కోటి రూపాయల ఫ్లాట్‌కు నెలకు 25 వేలు అద్దె వస్తే ఏడాదికి 3 లక్షలు, అంటే 3 శాతం. గృహరుణం వడ్డీ దానికి రెండింతలకు పైనే. ఈ తేడాను పూడ్చేది 'రేపు ఇంకా పెరుగుతుంది' అన్న నమ్మకం ఒక్కటే.

ప్రీలాంచ్‌లో మీరు కొంటున్నదేమిటి?

భూమి ఖరీదు పెరిగేకొద్దీ చిన్న బిల్డర్ల దగ్గర పెట్టుబడి చాలదు. పర్మిషన్ రాని ప్రాజెక్టుకు బ్యాంకు అప్పివ్వదు. అప్పుడు కొనుగోలుదారుడే బ్యాంకు అవుతాడు. 'మొత్తం డబ్బు ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాట్' అని వాట్సాప్‌లో వచ్చే ఆఫర్ల అసలు రూపం ఇదే. రైతుకు అడ్వాన్స్ ఇచ్చి అగ్రిమెంట్ రాయించుకుంటారు, మీ డబ్బుతో మిగతాది చెల్లిస్తారు. కాగితం కావాలంటే యూడీఎస్ కింద భూమిలో కొన్ని గజాల అవిభాజ్య వాటా రిజిస్టర్ చేస్తారు.

ప్రాజెక్టు ఆగిపోతే ఆ కాగితంతో ఏం చేయొచ్చు? దాదాపు ఏమీ చేయలేరు. వందల మందికి కలిపి వాటా ఉన్న స్థలంలో మీ 40 గజాలు ఎక్కడున్నాయో చూపించలేరు. అందరూ ఒక్కమాట మీదికి రాకుండా అమ్మలేరు, కట్టలేరు. ధర పెరుగుతున్నంత కాలం ఈ ఏర్పాటు నడుస్తుంది. కొత్త ప్రాజెక్టులో వసూలైన డబ్బు పాత ప్రాజెక్టు స్లాబులకు వెళ్తుంటుంది. అమ్మకాలు మందగించగానే గొలుసు తెగుతుంది.

ఇది ఊహ కాదు. నోయిడా, గ్రేటర్ నోయిడాల్లో ఆమ్రపాలి గ్రూపు కొనుగోలుదారుల డబ్బును వేరే చోట్లకు మళ్లించిందని 2019 జులైలో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రాజెక్టుల పూర్తి బాధ్యతను ప్రభుత్వరంగ సంస్థ ఎన్‌బీసీసీకి అప్పగించింది. అప్పటికి 42 వేల మందికి పైగా ఎదురుచూస్తున్నారు. అదే ఏడాది నవంబరులో కేంద్రం ఆగిన ఇళ్ల కోసం 25 వేల కోట్ల 'స్వామిహ్' నిధి ప్రకటించింది. దేశంలో 1,600 ప్రాజెక్టులు, 4.58 లక్షల ఇళ్లు ఆగిపోయాయన్నది అప్పుడు కేంద్రం వేసిన అంచనా.

చైనాలో ఇదే పద్ధతి దేశం మొత్తాన్ని కుదిపింది. అక్కడా కట్టకముందే అమ్మడం అలవాటు. అక్కడి స్థానిక ప్రభుత్వాలకూ భూముల అమ్మకమే పెద్ద ఆదాయం. 2020లో బిల్డర్ల అప్పులపై హద్దులు పెట్టగానే ఎవర్‌గ్రాండ్ లాంటి దిగ్గజాలు 2021లో చేతులెత్తేశాయి. ఆ ఒక్క కంపెనీ బాకీలే 30 వేల కోట్ల డాలర్లు దాటాయి. 2022 జులైలో చాలా నగరాల్లో కొనుగోలుదారులు 'ఇల్లు కట్టేదాకా ఈఎంఐ కట్టం' అని ప్రకటించారు. ఇంటి మీద నమ్మకం పోయిన కుటుంబాలు ఖర్చులు తగ్గించుకున్నాయి. సిమెంటు, స్టీలు, ఫర్నిచర్ వ్యాపారాలకూ ఆ దెబ్బ తగిలింది.

అద్దె, ఈఎంఐ రెండూ నెత్తిన

ఇక్కడ ప్రాజెక్టు ఆగితే కుటుంబం మీద పడే భారం ఎంతో చూడండి. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి దాకా రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి పెరిగింది. 20 ఏళ్లకు తీసుకున్న 75 లక్షల రుణం మీద వడ్డీ 6.7 నుంచి 9.2 శాతానికి వెళ్తే ఈఎంఐ సుమారు 56,800 నుంచి 68,400కు చేరుతుంది. 2025లో రెపో మళ్లీ తగ్గింది నిజమే. కానీ ఇల్లు చేతికి రానివాళ్లకు ఆ తగ్గింపు పెద్ద ఊరటేమీ కాదు. వాళ్లు అద్దె కూడా కడుతున్నారు.

రెరా ఎంతవరకు ఆదుకుంటుంది?

500 చదరపు మీటర్లు మించిన స్థలంలో గానీ, 8 ఫ్లాట్లకు మించి గానీ కట్టే ప్రాజెక్టుకు రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అది రాకముందు ప్రకటన ఇవ్వడం, బుకింగ్ తీసుకోవడం నేరమే. ప్రాజెక్టు అంచనా వ్యయంలో 10 శాతం దాకా జరిమానా వేయొచ్చు. చట్టప్రకారం ప్రీలాంచ్ అనేదే లేదన్నమాట. సేల్ అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. వసూలు చేసిన దాంట్లో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచి, ఆ ప్రాజెక్టు భూమికి, నిర్మాణానికే వాడాలి. ఆలస్యమైతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి అడగొచ్చు, లేదా ఇల్లు వచ్చేదాకా నెలనెలా వడ్డీ తీసుకోవచ్చు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెరా వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పేరుతో వెతికితే రిజిస్ట్రేషన్ నంబరు, పూర్తి చేస్తామన్న గడువు కనిపిస్తాయి. పని ఎంతవరకు వచ్చిందో బిల్డర్ మూడు నెలలకోసారి పెట్టాలి. పేరు దొరకకపోతే, నంబరు 'త్వరలో వస్తుంది' అంటే, అక్కడితో ఆగండి. అంతకన్నా సులువైన పరీక్ష ఇంకొకటుంది. ఏదైనా పెద్ద బ్యాంకుకు వెళ్లి ఈ ప్రాజెక్టుకు గృహరుణం ఇస్తారా అని అడగండి. ఏ బ్యాంకూ ఇవ్వనంటే, బ్యాంకు భయపడే చోట మీరు జీవితకాలం పొదుపు పెడుతున్నారని అర్థం.

ఇప్పటికే కట్టేసినవాళ్ల సంగతి కష్టమైనదే. రిజిస్టర్ కాని ప్రాజెక్టుపైన కూడా రెరాకు ఫిర్యాదు చేయొచ్చు. తీర్పు వచ్చాక వసూలు మాత్రం భూమి శిస్తు బకాయిలా రెవెన్యూ యంత్రాంగం ద్వారా జరగాలి, కంపెనీ ఖాతాలో ఏమీ మిగలకపోతే అక్కడే ఆగుతుంది. 2018 నుంచి ఇళ్ల కొనుగోలుదారులకు దివాలా చట్టంలో ఆర్థిక రుణదాతల హోదా ఉంది. కాకపోతే 2020 సవరణ తర్వాత ఎన్‌సీఎల్‌టీకి వెళ్లాలంటే ఒకే ప్రాజెక్టుకు చెందిన 100 మంది గానీ, మొత్తంలో 10 శాతం మంది గానీ కలవాలి. అందుకే ముందుగా చేయాల్సిన పని తోటి కొనుగోలుదారులను వెతుక్కోవడం. రసీదులు, చెక్కు వివరాలు, బ్రోచర్, ఏజెంట్ పంపిన వాట్సాప్ సందేశాలు భద్రం చేసుకోండి. నగదుగా ఇచ్చి రసీదు తీసుకోని మొత్తాన్ని ఏ ఫోరంలోనైనా రుజువు చేయడం చాలా కష్టం.