రెండు చిన్న కార్డులు కలిస్తే ఒక పెద్ద కార్డు అవదు బాబూ!

ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాళ్ళూ, చుట్టాల పిల్లలూ కంప్యూటర్ కొనేముందు నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇప్పటికి ఓ చిన్న గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని, డబ్బులొచ్చాక అలాంటిదే ఇంకోటి తగిలిస్తే సరిపోతుందిగా?"

సరిపోదు. ఒకప్పుడే అంతంతమాత్రం, ఇప్పుడైతే అసలే సరిపోదు. అయినా ఈ మాట చావట్లేదు. షాపతను రెండు పొడుగు స్లాట్లున్న మదర్‌బోర్డు చూపించి "ఫ్యూచర్‌లో అప్‌గ్రేడ్ చేసుకోవచ్చు సార్" అంటాడు. ఆ ఫ్యూచర్ కోసం మనవాడు ఇవాళే ఎక్కువ కడతాడు. నా కోపమంతా అక్కడే.

ముందు కాస్త చరిత్ర. 1998లో త్రీడీఎఫ్ఎక్స్ వాళ్ళ వూడూ2 కార్డులు రెండు జత చేస్తే, తెరమీది గీతల్ని ఒకటి విడిచి ఒకటి పంచుకుని గీసేవి. ఆ కంపెనీ చేతులెత్తేశాక 2000 చివర్లో దాని ఆస్తుల్ని ఎన్విడియా కొనేసింది. 2004లో ఎస్‌ఎల్‌ఐ అన్న ఆ పొట్టి పేరునే కొత్త అర్థంతో మళ్ళీ దింపింది. మరుసటేడు ఏటీఐ క్రాస్‌ఫైర్ తెచ్చింది. ఇక చూస్కోండి, రెండు కార్డులున్న డబ్బా అంటే అదో హోదా!

మరి లోపల జరిగేదేంటి? ఎక్కువగా వాడిన పద్ధతిలో ఒక ఫ్రేము మొదటి కార్డు, తర్వాతి ఫ్రేము రెండో కార్డు గీస్తాయి. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ జోడెడ్ల బండి సాగాలంటే రెండు ఎడ్లూ ఒకే అడుగు వెయ్యాలి కదా. ఒక్కో కార్డుకి ఫ్రేముకి 33 మిల్లీసెకన్లు పడుతుందనుకుందాం. రెండూ సమంగా వంతులేసుకుంటే 16 మిల్లీసెకన్లకో ఫ్రేము రావాలి. అలాకాక రెండోది మొదటిదాని వెనకే 3 మిల్లీసెకన్లకి వచ్చేసి, తర్వాత 30 మిల్లీసెకన్లు ఖాళీ అనుకోండి. లెక్కలో సెకనుకి 60 ఫ్రేములే, కంటికి మాత్రం 30 లాగే ఉంటుంది. దీన్నే మైక్రో స్టటర్ అన్నారు. సగటు అంకెలు చూసి మురిసిపోయేవాళ్ళకి ఇది కనపడదు, ఆడేవాడికి కనపడుతుంది.

ఇంకో సంగతి. రెండు 4 జీబీ కార్డులు కలిపితే 8 జీబీ అవుతుందని చాలామంది నమ్మకం. గేముల్లో అలా అవదు. ఒకే బొమ్మలు రెండు కార్డుల్లోనూ ఉండాలి గనక మిగిలేది 4 జీబీయే. చవక కార్డుకి ముందుగా అయిపోయేదే మెమరీ. అంటే ఏ జబ్బుకి మందు కొంటున్నారో ఆ జబ్బు అలాగే ఉంటుంది!

పోనీ ఇదంతా సర్దుకుందామన్నా, ఇవాళ ఆ తలుపే మూసేశారు. అదీ ఎవరికి ముందు మూశారు? బడ్జెట్ వాళ్ళకే. 2016లో వచ్చిన జీటీఎక్స్ 1060లో ఎస్‌ఎల్‌ఐ లేదు, దానికంటే ఖరీదైన 1070లో ఉంది. రెండు చిన్నవి కొంటే పెద్దది కొనరేమోనన్న భయం తప్ప నాకు వేరే కారణం కనపడదు. తర్వాత పెద్దవాటికీ అదే గతి పట్టింది. 30 సిరీస్‌లో 3090 తరగతి కార్డులకే జత కుదిరింది. 2021 జనవరి 1 నుంచి 20 సిరీస్, అంతకు ముందు కార్డులకి కొత్త ఎస్‌ఎల్‌ఐ ప్రొఫైళ్ళు ఆపేశారు. 2022లో వచ్చిన 40 సిరీస్‌లో ఆ కనెక్టరే లేదు. డైరెక్ట్‌ఎక్స్ 12 వచ్చాక ఆ బాధ్యత గేము రాసేవాళ్ళ నెత్తిన పడింది. నేనూ కోడు రాసే బతుకుతున్నాను కాబట్టి చెప్తున్నా, నూటికొకడు వాడే దానికోసం అంత పని ఎవడూ చెయ్యడు.

"మరి ఏఐ కోసం రెండు కార్డులు పెడుతున్నారుగా?" అని అడగొచ్చు. నిజమే. భాషా మోడళ్ళని పొరలుగా విడగొట్టి రెండు కార్డుల్లో సర్దొచ్చు, అక్కడ మెమరీ నిజంగానే కలుస్తుంది. రెండు 12 జీబీ 3060లు పెట్టుకుంటే 24 జీబీ పట్టే మోడల్ ఆడుతుంది. అప్పుడు కూడా వేగం రెట్టింపవదు, ఒకదాని పని అయ్యేదాకా రెండోది ఎదురుచూస్తుంది. ఆ అవసరం ఉన్నవాడు లెక్కలేసుకుని కొంటాడు. గేములాడే కుర్రాడికి దాన్ని చూపించి అమ్మడం మాత్రం మోసమే.

ఇక ఒక్క కార్డే కొనేటప్పుడు ఏం చూడాలి? పేరు చూసి మోసపోకండి. జీటీ 1030 అని 2017లో ఒకటొచ్చింది, దాని మెమరీ వేగం సెకనుకి 48 జీబీ. 2018లో అదే పేరుతో డీడీఆర్4 మెమరీ పెట్టి ఇంకోటి వదిలారు, వేగం దాదాపు 17 జీబీ! ఆర్‌ఎక్స్ 580లోనూ 2048 యూనిట్లతో ఒక రకం ఉంది, అసలుదానికి 2304. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఇదే.

తర్వాత మీ పాత మదర్‌బోర్డు సంగతి చూసుకోండి. 2022లో వచ్చిన ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీకి నాలుగే పీసీఐ లేన్లు. కొత్త బోర్డులో పర్లేదు, 3.0 బోర్డులో చతికిలపడుతుంది. చవక కార్డు కొనేవాడి దగ్గర ఉండేది పాత బోర్డే కదండీ! 2024 డిసెంబరులో ఇంటెల్ తెచ్చిన బీ580లో 12 జీబీ మెమరీ ఉంది, కానీ రీసైజబుల్ బార్ లేని బోర్డులో దాని సత్తా కనపడదు.

అసలు గేములే ఆడకపోతే కార్డే వద్దు. జావా, పైథాన్ నేర్చుకోడానికి ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ చాలు. "కోర్సుకి కావాలంట నాన్నా" అని ఇంట్లో చెప్పేముందు, ఆ నాన్న ఆ డబ్బు ఎక్కణ్ణించి తెస్తాడో ఒక్కసారి ఆలోచించండి.

నా మటుకు నాకు లెక్క చాలా సులువు. రెండు స్లాట్ల బోర్డుకీ, పెద్ద పవర్ సప్లైకీ, వెడల్పాటి క్యాబినెట్‌కీ కట్టే అదనపు డబ్బంతా తీసి ఆ ఒక్క కార్డు మీదే పెట్టండి, ఒక మెట్టు పైది రావచ్చు. నాలుగేళ్ళకి అది చాలకపోతే అమ్మేసి ఇంకోటి కొనుక్కోండి. రేపెప్పుడో కొనబోయే రెండో కార్డు కోసం మాత్రం ఇవాళ ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.