చేపల మేతలో అమైనో పొడులు: సంఘధనమును వెచ్చింపదగునా?

వేసవి సమీపించినకొలదియు చేపల చెఱువులుగల సభ్యులయొద్దకు పొడుల సంచులతో వర్తకులు వచ్చుచుందురు. "ఇందు అమైనో ఆమ్లములు కలవు, మేతలో కలిపినచో చేప ఎండకు గాని, మురికినీటికి గాని, ఇఱుకునకు గాని లొంగదు" అని చెప్పుదురు. వీనిని సంఘము మొత్తముగా తెప్పించి అప్పుపై ఈయవలెనని కొందఱు సభ్యులు కోరుచున్నారు. సంఘధనము సభ్యులందఱి చెమట. కావున మా అభిప్రాయమును దాపఱికము లేక వ్రాయుచున్నాము.

ఈ పొడులు వట్టి మోసమని మేము చెప్పము. మాంసకృత్తులు అమైనో ఆమ్లములతో నిర్మింపబడినవి. వానిలో పదింటిని చేప తన శరీరమున చేసికొనజాలదు, మేతనుండియే పొందవలెను. మడిగట్టు ఎచట తగ్గియున్నదో అంతమట్టమువఱకే నీరు నిలుచును గదా! అటులనే ఆ పదింటిలో ఏది తక్కువయో దానినిబట్టియే చేప పెరుగును. వేరుసెనగ చెక్కలో లైసీను, మెథియొనీను కొఱవడియుండును. అపుడు తక్కిన ఆమ్లములు కండగా మాఱక, అమ్మోనియాయై మొప్పలగుండ నీటిలోనికి వచ్చి చెఱువును చెఱచును. కావున ఆ కొఱతను తీర్చుట చేపకును నీటికిని మేలే.

ట్రిప్టోఫాను అను ఆమ్లమునకు మఱియొక గుణము కలదు. చేప బెదరినపుడు దాని నెత్తుట కార్టిసాల్ అను స్రావము హెచ్చును. ఈ స్థితి దీర్ఘకాలము నిలిచినచో మేత తగ్గును, ఎదుగుదల ఆగును, రోగములు పట్టును. ట్రిప్టోఫానునుండి మెదడులో పుట్టు సెరటోనిన్ ఆ స్రావమును అణచుటకు తోడ్పడును. ముంబయిలోని కేంద్రీయ మత్స్యవిద్యాసంస్థవారు ఇఱుకున పెంచిన మ్రిగాల పిల్లలకు దీనిని మేతలో ఇచ్చి, ఒత్తిడి తగ్గి ఎదుగుదల హెచ్చినదని 2009లో ప్రకటించిరి.

అయినను, అది పిల్లలపై తొట్లలో జరిగిన పరీక్ష. ఊపిరాడని చెఱువునకు అది మందు కాదు. 20 డిగ్రీల వేడిమిలో లీటరు నీరు సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువును పట్టగలదు. 35 డిగ్రీలలో 7 మిల్లీగ్రాములే. రాత్రివేళ పచ్చనాచు సైతము ఆ వాయువునే పీల్చుకొనుటచే తెల్లవాఱుసరికి అది మిక్కిలి తగ్గును. లీటరునకు 5 మిల్లీగ్రాములున్న మేలు. 3కు దిగిన అపాయము. చేపలు వేకువను నీటిపైకి తేలి నోళ్లు తెఱచుచున్నవన్న అవి అడుగునది గాలిని, పొడిని కాదు.

రాయదుర్గమువారికి ఇది క్రొత్త పాఠము కాదు. గోలకొండకు నీరిచ్చిన దుర్గముచెఱువును మురుగునీరు ఎంత చెఱచెనో వారు కన్నులార చూచిరి. 2017లో అమీన్‌పూర్ సమీపమునందలి గండిగూడెము చెఱువులో చేపలు పెద్దయెత్తున చచ్చి తేలినవి. పరిశ్రమల వ్యర్థజలములే కారణమని మత్స్యకారులు మొఱపెట్టుకొనిరి. అట్టి నీటిలో ఏ పొడి ఏమి చేయగలదు?

ఇంకొక సంగతి. తెలంగాణమున 2016నుండి ప్రభుత్వము ఉచితముగా చేపపిల్లలను వదలిన చెఱువులలో పెక్కింట మనము మేత వేయుటయే లేదు. బొచ్చె, రవ్వ చెఱువులో పుట్టు ఆహారముననే పెరుగును. అచట పొడి కొనుట డబ్బును నీటిపాలు చేయుటయే. తవుడును చెక్కను చిల్లుల సంచులలో కట్టి వ్రేలాడదీయువారు సైతము జాగ్రత్తపడవలెను. విడి ఆమ్లములు నీట కరగును. చేప నోట పడకముందే చాల భాగము పోవును. నీట చెదరని గుళికమేతలో ఇమిడ్చినప్పుడే వానివలన ప్రయోజనము.

"చెఱువంతయు చచ్చుటకంటె పొడి ఖరీదు తక్కువ గదా" అని కొందఱందురు. నిజమే, పొడి చావును ఆపగలిగినచో! ఆపజాలనపుడు రైతు చేపను పోగొట్టుకొనును, అప్పును మిగుల్చుకొనును.

కావున మా సలహా యిది. సంఘము మొదట ప్రాణవాయువును కొలుచు పరికరము నొకదానిని కొని సభ్యులకు వంతులవారీగా ఈయవలెను. అప్పు ఈయదలచినచో గాలి కలుపు యంత్రములకు ఈయవలెను. పిల్లలను పరిమితికి మించి వదలరాదు. మబ్బుపట్టిన దినమునను, చేపలు తేలిన ఉదయమునను మేత ఆపవలెను. ఇవి కుదిరిన పిమ్మట, ఏ ఆమ్లము ఎంత పాలు కలదో సంచిపై వ్రాయని పొడిని ముట్టరాదు. వ్రాసినదానినైనను ఒకే తీరు చెఱువులు రెంటిలో ఒకదానియందు మాత్రమే వాడి, నెలనెలయు చేపలను తూచి చూడవలెను. తూకము మేలు చెప్పినపుడు కొనుటకు మేమును సమ్మతింతుము. రాబోవు సర్వసభ్య సమావేశమున సభ్యులు ఈ వరుసనే యోచించి తీర్మానింతురుగాక.