ఏడ్చే మగవాణ్ణి నమ్ముదాం

‘నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాణ్ణి నమ్మకూడదు’ అని తెలుగులో ఒక సామెత ఉంది. ఒక్క వాక్యంలో ఇద్దరికీ అన్యాయం చేసిన సామెత ఇది. ఆడవాళ్ళ నవ్వును తప్పుపట్టకూడదని ఇప్పుడు చాలామంది ఒప్పుకుంటున్నారు. వ్యాసరచన పోటీల్లోనూ, ఉపన్యాసాల్లోనూ ఆ మాట వింటూనే ఉన్నాం. సామెతలోని రెండో సగం గురించి మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు.

ఆటల పీరియడ్‌లో అబ్బాయి పడి మోకాలు చెక్కుకుపోతే, ‘ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా’ అంటారు. ఆ మాట వాడికి రెండు తప్పుడు పాఠాలు నేర్పుతుంది. ఒకటి, ఏడవడం సిగ్గుచేటని. రెండోది, ఆడపిల్ల తక్కువదని. అందుకే మగవారి కష్టం గురించి మాట్లాడితే అది ఆడవారికి వ్యతిరేకం అనుకోనక్కరలేదు. వరకట్నం, గృహహింస ఇంకా పోలేదు. వాటిని అరికట్టే చట్టాలు ఉండాల్సిందే. దానితోపాటు ఈ మాటా చెప్పుకోవాలి.

ఎందుకంటే మౌనం ప్రాణాలు తీస్తోంది. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. వారిలో 1,22,724 మంది మగవారు. అంటే పదిమందిలో ఏడుగురు. కుటుంబ సమస్యలు, అనారోగ్యం ముఖ్య కారణాలని ఆ నివేదికే చెబుతోంది. మగవాడు బాధ చెప్పుకోకూడదని చిన్నప్పటినుంచీ నేర్పడం కూడా ఇందులో ఒక కారణమని మేము నమ్ముతున్నాం.

బదిలీ ఉద్యోగుల పిల్లలమైన మనకి ఇది దూరపు విషయం కాదు. ‘ఉద్యోగం పురుష లక్షణం’ అన్నారు. కుటుంబాన్ని తీసుకువెళ్ళలేని చోట పోస్టింగ్ వస్తే నాన్న ఒక్కరే వెళతారు. రాత్రి ఫోన్ చేసి, ‘ఎలా చదువుతున్నావు? యూనిట్ టెస్టులో ఎన్ని వచ్చాయి? అమ్మకివ్వు’ అంటారు. అక్కడ తానెలా ఉన్నదీ చెప్పరు. మనమూ అడగం.

నిబంధనలు కూడా అలాగే ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగుల్లో ప్రసవానికి తల్లికి 180 రోజుల సెలవు, తండ్రికి 15 రోజులు. తల్లి శరీరం కోలుకోవాలి కాబట్టి ఆమె సెలవు తగ్గించమని ఎవరూ అనరు. కానీ పిల్లల చదువు, పరీక్షలు, జబ్బుల కోసం ఇచ్చే శిశు సంరక్షణ సెలవు సంగతి వేరు. మహిళా ఉద్యోగికి సర్వీసు మొత్తంలో 730 రోజుల వరకు ఆ సెలవు ఉంది. మగ ఉద్యోగి ఒంటరి తండ్రి అయితేనే ఆయనకు దొరుకుతుంది. పిల్లల్ని చూసుకోవడం అమ్మ పని మాత్రమే అన్న ఆలోచన ఇందులో దాగి ఉంది. దానివల్ల అమ్మకి భారం పెరుగుతుంది, నాన్నకి మన బాల్యం దూరమవుతుంది. ఆ సెలవు తండ్రులందరికీ కొంతైనా ఇవ్వాలని మా అభిప్రాయం.

నిబంధనలు మార్చడం మన చేతుల్లో లేదు. మనం చేయగలిగినవి మాత్రం కొన్ని ఉన్నాయి. ఈసారి నాన్న ఫోన్ చేసినప్పుడు మార్కులు చెప్పాక, ‘మీరు భోంచేశారా నాన్నా? అక్కడ ఎలా ఉంది?’ అని అడుగుదాం. ఆయన వెంటనే చెప్పకపోవచ్చు. మళ్ళీ అడుగుదాం. పాత స్నేహితుల్ని వదిలి సెషన్ మధ్యలో మన క్లాసుకి వచ్చిన అబ్బాయి ముభావంగా ఉంటే, పొగరు అనుకోకుండా పక్కన కూర్చుందాం. కళ్ళనీళ్ళు పెట్టుకున్న అబ్బాయిని చూసి నవ్వవద్దు.

మనసు మరీ బరువెక్కితే అమ్మానాన్నలకో, టీచర్‌కో, కౌన్సిలర్‌కో చెప్పుకుందాం. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరుకు ఫోన్ చేయవచ్చు. డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు. ధైర్యమంటే నోరు మూసుకుని ఉండటం కాదని అబ్బాయిలమూ అమ్మాయిలమూ కలిసి నేర్చుకుందాం.