డ్రిల్లు పీరియడును పిల్లలకు తిరిగి ఇద్దాం

నేను ముప్పై రెండు సంవత్సరాలు గణితోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ పొందినవాడిని. ఆ కాలమంతా సిలబస్ వెనుకబడినప్పుడల్లా నేను చేసిన పని ఒకటే. డ్రిల్లు మాస్టారి దగ్గరికి వెళ్ళి, "ఈ పూట మీ పీరియడు నాకివ్వండి" అని అడిగేవాణ్ణి. ఆయన మారుమాటాడకుండా విజిల్ జేబులో వేసుకొని వెళ్ళిపోయేవారు. పిల్లలు కిటికీలోంచి మైదానం వంక చూస్తూ నా లెక్కలు చేసేవారు. అది తప్పని నాకు ఏనాడూ తోచలేదు. పైపెచ్చు, విద్యార్థుల మేలు కోరే మాస్టారని తల్లిదండ్రులు నన్ను మెచ్చుకొనేవారు.

ఆ తప్పు ఎంతటిదో, రెండేళ్ళ క్రితం కొండాపూర్‌లోని మా అబ్బాయి ఇంటికి వచ్చి స్థిరపడిన తరువాత గాని నాకు తెలిసిరాలేదు.

మనుమడు నేర్పిన పాఠం

మా మనుమడికి పదేళ్ళు. ఒకనాడు అపార్ట్‌మెంటు లిఫ్టు పనిచేయక నాలుగో అంతస్తుకు మెట్లెక్కవలసి వచ్చింది. అరవై ఎనిమిదేళ్ళ నేను మెల్లగా ఎక్కగలిగాను. వాడు రెండో అంతస్తులోనే కూలబడి ఆయాసపడ్డాడు. దానికి తోడు ఆకలి మందగించడం, మలబద్ధకం, రాత్రి పదకొండయినా నిద్ర పట్టకపోవడం కొంతకాలంగా ఉన్నవే. మా కోడలు వాము కషాయం పెట్టింది. నేను త్రిఫల చూర్ణం ఇద్దామన్నాను. చివరకు వైద్యుని వద్దకు తీసుకొని వెళ్ళాము. ఆయన అన్ని పరీక్షలు చేసి, జబ్బేమీ లేదని చెప్పి, ఒక్క ప్రశ్న అడిగారు: "బాబు రోజూ ఎంతసేపు ఆడుకుంటాడు?" మా ముగ్గురిలో ఒక్కరమూ సమాధానం చెప్పలేకపోయాము.

ఇంటికి వచ్చి వాడి టైంటేబుల్ తీసి చూశాను. వారానికి నలభై పీరియడ్లు, అందులో పి.టి. రెండు. పరీక్షలు దగ్గర పడితే ఆ రెండూ ఉండవట. "మా మ్యాథ్స్ మేడమ్ తీసేసుకుంటారు తాతయ్యా" అన్నాడు వాడు. నా గుండె కలుక్కుమన్నది.

ఎంత కావాలి? ఎంత దొరుకుతున్నది?

5 నుండి 17 ఏళ్ళ వయస్సు గల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు, ఒళ్ళు వేడెక్కి ఊపిరి వేగం హెచ్చేటంతటి శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. అంటే వారానికి 420 నిమిషాలు. మా మనుమడి బడి ఇచ్చేది, రెండు పీరియడ్లూ సక్రమంగా జరిగినప్పటికీ, 80 నిమిషాలు. వరుసలు కట్టడానికీ, హాజరు పిలవడానికీ పోయిన సమయం అందులోనుంచి తీసివేయవలసి ఉంటుంది. నేను లెక్కల మాస్టారిని గనుక ఈ తీసివేత నాకు బాగా అర్థమయింది.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. 2016 నాటి వివరాల ఆధారంగా 2019లో వెలువడిన అంతర్జాతీయ అధ్యయనం ప్రకారం 11 నుండి 17 ఏళ్ళ పిల్లలలో ప్రపంచవ్యాప్తంగా 81 శాతం మందికి, మన దేశంలో సుమారు 74 శాతం మందికి చాలినంత శారీరక శ్రమ లేదు.

నష్టం ఊబకాయంతో ఆగదు. ఎముకలు గట్టిపడవలసిన వయస్సు ఇదే. చర్మానికి ఎండ సోకనిదే విటమిన్ డి సరిగా తయారు కాదు. ఆరుబయట గడపని పిల్లలలో హ్రస్వదృష్టి పెరుగుతున్నది. తైవాన్ దేశంలో 2010 నుండి బడిపిల్లలను రోజుకు 120 నిమిషాలు ఆరుబయట ఉంచే కార్యక్రమం చేపట్టారు. అంతకుముందు ఏటేటా పెరుగుతూ వచ్చిన దృష్టిలోపం ఆ తరువాత కొన్నేళ్ళకు తగ్గుముఖం పట్టింది. కళ్ళద్దాలకు డబ్బు సిద్ధం చేసుకొనే తల్లిదండ్రులు మైదానాన్ని గురించి ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

శాస్త్రం వద్దన్నదా?

ఆయుర్వేదం తెలిసిన పాఠకులు ఇక్కడ ఒక ఆక్షేపణ చేయవచ్చు. అష్టాంగహృదయంలోని దినచర్యాధ్యాయం వ్యాయామం చేయరాదని చెప్పినవారిలో బాలురు కూడా ఉన్నారు గదా అని. నిజమే, ఉన్నారు. కాని ఆ అధ్యాయం చెప్పే వ్యాయామం ఏమిటో గమనించాలి. బలవంతులు కూడా తమ శక్తిలో సగం మేరకే చేయాలని హద్దు పెట్టవలసి వచ్చినంత కఠినమైన శ్రమ అది. పసివాళ్ళ ఆటపాటలు ఆ కోవలోకి రావని నా అభిప్రాయం. బాల్యం కఫప్రధానమైన వయస్సని ఆ గ్రంథమే చెబుతున్నది. తీపి తిని, చల్లని గదిలో కదలకుండా కూర్చుంటే ఆ కఫం పెరగక ఏమవుతుంది? చరకసంహిత సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో వ్యాయామ ఫలాలుగా శరీర లాఘవం, పని చేయగల సామర్థ్యం, జఠరాగ్ని వృద్ధి వంటివి చెప్పారు. మా మనుమడికి కొరవడినవి సరిగ్గా ఇవే.

కాబట్టి పదేళ్ళవాడి చేత జిమ్ములో బరువులెత్తించడాన్ని నేనూ సమర్థించను. చెడుగుడు, ఖోఖో, ఏడు పెంకులాట, తొక్కుడుబిళ్ళ, చిర్రగోనె ఇవి చాలు. పిల్లవాడు అలసిపోతే తనంత తానే ఆగుతాడు.

ఈ నేల మీద మైదానాలకు కరువా?

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కువగా రాళ్ళగుట్టలు, తుప్పలే ఉండేవి. 2002 జాతీయ క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియం నిర్మించారు. 2003లో ఈ నగరంలోనే ఆఫ్రో ఏషియన్ క్రీడలు జరిగాయి. అదే గచ్చిబౌలిలో 2008లో మొదలైన పుల్లెల గోపీచంద్ అకాడమీలో శిక్షణ పొందిన సైనా నెహ్వాల్ 2012 ఒలింపిక్స్‌లో కాంస్యం, పి.వి. సింధు 2016లో రజతం సాధించారు. అందుకు మనమందరం గర్విస్తాము. కాని ఆ స్టేడియానికి కూతవేటు దూరంలోని ఎన్నో బడులలో పరుగెత్తడానికి జాగా లేదు. కొన్నిచోట్ల మైదానమంటే బస్సులు వెళ్ళిపోయాక మిగిలే సిమెంటు నేల.

వేల రూపాయలు కట్టి సాయంత్రం కోచింగుకు పంపే కుటుంబాలు ఉన్నాయి. మంచిదే. అయితే కోచింగు ఆటలో నేర్పున్నవాడిని వెతుక్కుంటుంది. బడిలోని పి.టి. పీరియడు లావుపాటి పిల్లవాడినీ, సిగ్గరి అమ్మాయినీ, ఫీజు కట్టలేని ఇంటి బిడ్డనూ సమానంగా మైదానంలోకి పిలుస్తుంది. దాని విలువ అక్కడ ఉన్నది. 1951, 1962 ఏషియన్ క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టుకు స్వర్ణాలు తెచ్చిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఈ హైదరాబాదు బడిపంతులే. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందినవారు. మనం చిన్నచూపు చూసిన వృత్తి అది.

చట్టం కూడా మన పక్షాననే ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం పాఠశాలకు ఉండవలసిన వసతులలో ఆటస్థలాన్ని చేర్చింది. 9 నుండి 12 తరగతులకు రోజుకొక ఆరోగ్య, వ్యాయామ విద్యా పీరియడు ఉండాలని సి.బి.ఎస్.ఇ. 2018లో ఆదేశించింది. అడిగేవారు లేకపోవడమే లోపం.

తల్లిదండ్రులకు నా మనవి

ఇన్నాళ్ళూ బడులను మార్కులను గురించి నిలదీసింది మనమే. ఆ ఒత్తిడికే మా బోటి ఉపాధ్యాయులు డ్రిల్లు పీరియడును బలిచ్చారు. కనుక దిద్దుబాటు కూడా మన దగ్గరే మొదలు కావాలి. బడిలో చేర్చే ముందు కంప్యూటర్ గదితో పాటు మైదానాన్ని కూడా చూపమని అడగండి. తల్లిదండ్రుల సమావేశంలో "ఈ నెలలో ఎన్ని పి.టి. పీరియడ్లు జరిగాయి?" అని ఒక్క ప్రశ్న వేయండి. పది మంది అడిగితే పదకొండోసారి ఆ పీరియడు లెక్కలకు పోదు. వేసవిలో ఎండ ముదరక ముందే ఉదయపు పీరియడుకు మార్చమనండి. వానాకాలంలో వరండాలో తాడాట, సూర్యనమస్కారాలు చేయించవచ్చు. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లల విషయంలో మాత్రం వైద్యుని సలహా తప్పనిసరి.

ఇంట్లో చేయవలసినది కూడా కొంత ఉన్నది. ఆడి వచ్చిన బిడ్డకు ఫ్రిజ్ నీళ్ళు కాక కుండ నీళ్ళో, ఉప్పు వేసిన పలుచని మజ్జిగో ఇవ్వండి. చిప్స్ పొట్లానికి బదులు నువ్వుల ఉండ, రాగి జావ అలవాటు చేయండి. ఆదివారం నువ్వులనూనెతో ఒళ్ళు మర్దించి, సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయించండి.

మా అపార్ట్‌మెంటు పచ్చిక మీద "ఇక్కడ ఆటలు నిషేధం" అన్న పలక ఉండేది. సంఘం సమావేశంలో మూడుసార్లు ప్రాధేయపడిన మీదట దానిని తీసివేశారు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి పదిహేనుమంది పిల్లలు దిగుతున్నారు. మా మనుమడు ఏడు పెంకులాటలో ఇంకా అందరికంటే ముందే అవుటవుతున్నాడు. అయినా ఎనిమిదిన్నరకే అన్నం అడుగుతున్నాడు. పది కాకముందే నిద్రపోతున్నాడు. త్రిఫల డబ్బా మూత తీయవలసిన అవసరం రాలేదు.

మా డ్రిల్లు మాస్టారు ఇప్పుడు లేరు. ఆయన వద్ద తీసుకొన్న పీరియడ్లను ఆయనకు గాని, ఆనాటి పిల్లలకు గాని నేను తిరిగి ఇవ్వలేను. మీ పిల్లల పీరియడ్లు మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. వాటిని ఎవరికీ ఇవ్వకండి. నా వంటి లెక్కల మాస్టారు వచ్చి ఎంత మర్యాదగా అడిగినా సరే.