తాళంచెవి ఎవరి చేతిలో?

ఉప్పళంలో ఓటు అడగదలచినవాడు వీధివీధి తిరగాలి. గుమ్మం ముందు నిలబడాలి. నిలదీస్తే జవాబు చెప్పాలి. పుదుచ్చేరి పట్టణంలోని ఈ నియోజకవర్గానికైనా, అదే శాసనసభకు ప్రతినిధిని పంపే తెలుగు యానాంకైనా ఎన్నికల మర్యాద అదే. 2021లో ఆ మర్యాదకు అడ్డదారి వెతికారన్న ఆరోపణ మద్రాసు హైకోర్టు మెట్లెక్కింది.

ఏప్రిల్ 6 పోలింగుకు ముందు పుదుచ్చేరి ఓటర్ల ఫోన్లకు బీజేపీ తరఫున సందేశాలు వచ్చాయి. వాటిలో బూత్‌ల వారీ వాట్సాప్ గ్రూపులకు లింకులున్నాయి. ఆధార్‌తో ముడిపడిన నంబర్లకే ఇవి చేరాయంటూ డీవైఎఫ్ఐ నాయకుడొకరు పిటిషన్ వేశారు. కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి సేకరించిన నంబర్లేనని పార్టీ వాదించింది. తమ వద్దనుంచి ఏదీ బయటకు పోలేదని ఆధార్ ప్రాధికార సంస్థ చెప్పింది. హైకోర్టు ఎన్నికను ఆపలేదు. ఆరోపణను తేలికగానూ తీసుకోలేదు. ఆధార్ సంస్థ సమాధానం చెప్పవలసిందేనంది. ఇచ్చామని ఒప్పుకున్నవారు లేరు, దొంగిలించామన్నవారు లేరు. నంబరు మాత్రం పార్టీ చేతికి చేరింది.

దీన్ని ఒక్క పార్టీ పాపంగా చూపి చేతులు దులుపుకోవడం కుదరదు. 2019 ఎన్నికల వేళ హైదరాబాదులో తెలుగుదేశం ‘సేవామిత్ర’ యాప్‌ను నిర్వహించిన ఐటీ గ్రిడ్స్ సంస్థపై కేసు నమోదైంది. ఆ సంస్థ హార్డ్ డిస్కుల్లో 7.82 కోట్ల మంది ఆధార్ వివరాలు కనిపించాయన్నది పోలీసులకు అందిన ఫిర్యాదు. తెలుగుదేశం దాన్ని రాజకీయ కుట్ర అంది. నాడు వేలెత్తి చూపిన వైసీపీ, 2023లో వాలంటీర్లు ఇంటింటా సేకరించిన సమాచారంపై పవన్ కల్యాణ్ అడిగిన ప్రశ్నకు తానే జవాబుదారీ అయింది. బోనులో నిలబడేవారు మారుతున్నారు, అభియోగం మారడం లేదు.

ఇలాంటి రగడ రేగినప్పుడల్లా పార్టీల సాంకేతిక నిపుణులు ఒకే పాట పాడతారు: మా యాప్ భద్రం, సమాచారమంతా గుప్తీకరించాం అని. అందులో కొంత నిజముంది. ఫోన్‌లోని సమాచారాన్ని గుప్తీకరించి, ఆ తాళంచెవిని ఆండ్రాయిడ్‌లో కీస్టోర్‌కూ ఐఫోన్‌లో కీచైన్‌కూ అప్పగించే ఏర్పాటు ఏనాటినుంచో ఉంది. పాస్‌వర్డులను యాప్ కోడ్‌లోనే రాసిపెట్టడం, ఆధార్ నంబర్లను మామూలు ఫైళ్లలో వదిలేయడం ఏ పార్టీ యాప్ చేసినా క్షమించరాని నిర్లక్ష్యం. అయితే కీస్టోర్ ఆపేది ఫోను కాజేసిన దొంగను. పార్టీ సర్వర్‌లో ఉన్న ప్రతిని ఎక్సెల్ పట్టికగా దించుకుని బూత్ బాధ్యుడికి పంపేవాడిని అది ఆపలేదు. వాడు తాళం పగలగొట్టనక్కరలేదు. తాళంచెవి వాడి జేబులోనే ఉంది. కనుక భద్రతకు తొలి సూత్రం గుప్తీకరణ కాదు, అక్కరలేనిది అడగకపోవడం. నమోదు చేయని కులం, దాచుకోని ఆధార్ నంబరు ఏ సర్వర్‌నుంచీ కారిపోవు.

చట్టం ఉంది కదా అనవచ్చు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తేల్చింది. ఆరేళ్లకు, 2023 ఆగస్టులో, డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. భద్రతా చర్యల్లో విఫలమైతే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా అన్నారు. కానీ ఆ సొమ్ము భారత సంచిత నిధికి పోతుంది. సమాచారం పోగొట్టుకున్న పౌరుడికి పైసా దక్కదు. పైగా తనకు నచ్చిన ప్రభుత్వ సంస్థలను ఈ చట్టంనుంచి మినహాయించే అధికారాన్ని కేంద్రం తన దగ్గరే ఉంచుకుంది. కంచె కట్టినవాడే అందులో గండి పెట్టుకున్నాడు.

పార్టీలు నిజంగా నిర్దోషులైతే చేయవలసినవి మూడు. తమ యాప్‌లు ఏయే వివరాలు తీసుకుంటున్నాయో, అవి ఎక్కడినుంచి వచ్చాయో బహిరంగంగా ప్రకటించాలి. ఆ యాప్‌లను, వాటి వెనకనున్న సర్వర్లను స్వతంత్ర నిపుణులచేత తనిఖీ చేయించాలి. పోలింగు ముగిశాక ఓటర్ల సమాచారాన్ని చెరిపివేసి, చెరిపినట్టు రుజువు చూపాలి. ఎన్నికల వ్యయానికి లెక్క చెప్పే అభ్యర్థి ఓటరు సమాచారానికి లెక్క చెప్పనంటే ఎలా చెల్లుతుంది?

ఓటు రహస్యం బూత్‌లోని అట్ట తెర వెనక మాత్రమే ఉండేది కాదు. ఎవరు ఏ పథకం అందుకున్నారో, ఏ బూత్‌లో ఓటేస్తారో, ఏ ఫోన్‌కు పలుకుతారో ముందే తెలిసినవాడికి ఆ తెర అడ్డు కాదు. ఉప్పళం ఓటరు తలుపు తట్టి అడిగితే నంబరు ఇస్తాడో ఇవ్వడో, అది అతని ఇష్టం. అడగకుండా తీసుకునే హక్కు ఢిల్లీకీ లేదు, అమరావతికీ లేదు.